జున్ను పంచిన మూడో నాడు

మా పెద్దమ్మకు రెండు కోరికలుండేవి. ఒకటి నేను బి.ఎస్సీ. ప్యాసవడం, రెండోది మా గేదె సుఖంగా ఈనడం. రెంటికీ కలిపి ఆమె ఒకే మొక్కు మొక్కింది. రెండూ జరిగితే ఊళ్లో జున్ను తినని ఇల్లు ఉండకూడదని. నేను మార్చిలో ఇంగ్లీషు తప్పాను కాబట్టి మొక్కు వాయిదా పడింది. సెప్టెంబరులో మళ్ళీ రాసి ఎలాగో గట్టెక్కాను. ఆ సంగతి తెలిసిన వారంలోనే గేదె ఈనింది. అదీ పెయ్య దూడ. ఇక పెద్దమ్మను పట్టేవాళ్ళెవరు?

మాది మార్కాపురానికి నాలుగు మైళ్ళ దూరంలో ఒక పల్లె. అప్పట్లో మా కచేరీ పనులన్నీ కర్నూలు వైపు, చదువులన్నీ మద్రాసు వైపు. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను పెంచింది పెద్దమ్మ, అంటే నాయన అన్న భార్య. భర్త లేడు, పిల్లలు లేరు, ఉన్నది నేనూ, గేదే. మద్రాసు హాస్టల్లో నేను తిన్న ప్రతి ముద్ద వెనకా ఆ గేదె పాలున్నాయి. పట్టా మీద నా పేరొక్కటే రాశారు గానీ, న్యాయంగా అయితే దాని పేరు కూడా రాయాలి. పెద్దమ్మ మా ఇద్దరిలో ఎవరిని ఎక్కువ చూసుకునేదో ఇప్పటికీ చెప్పలేను. దాణా మాత్రం ముందు దానికే పెట్టేది.

మా వైపు గేదె ఈనితే జున్నుపాలు ఇంట్లోనే దాచుకోవడం తప్పు. పంచకపోతే పొదుగుకు దిష్టి తగులుతుందంటారు. మామూలుగా అయితే వీధిలో నాలుగైదు ఇళ్ళకు తలా ఒక గిన్నె ఇస్తే సరిపోతుంది. కానీ పెద్దమ్మ మొక్కింది ఊరంతటికీ. అందుకని రోజుకు రెండు పూటలు కాదు, మూడు పూటలు పిండింది. దూడకు తాగినంత వదిలి, ఆ పైన మోకాళ్ళ మధ్య చెంబు పెట్టుకొని కూర్చుంటే చివరి చుక్క దాకా లేచేది కాదు. గట్టి జున్ను కట్టేది ఆఖరి చుక్కలతోనే అని ఆమె నమ్మకం. పొదుగు వట్టి తోలుసంచిలా వేలాడేదాకా పిండి, బెల్లం మిరియాలు వేసి ఉడికించి, గిన్నెలు నా చేతికిచ్చేది. మద్రాసు పట్టభద్రుణ్ణి, ఇంటింటికీ జున్ను గిన్నెలు మోశాను.

ఇచ్చిన ప్రతిచోటా ఒకటే ప్రశ్న. ఇంతకూ ఏం చదివినావు? రెండో రోజు సాయంత్రం పక్కింటి మామ అరుగు మీద నన్ను కూర్చోబెట్టి మరీ అడిగాడు. ఆయన మాకు నిజమైన బంధువేమీ కాదు. అయినా పెద్దమ్మ ఆయనకు అక్క, నేను అల్లుణ్ణి. నోట్లో ఎప్పుడూ తాంబూలం, నోటి నిండా ఎప్పుడూ వైద్యం.

"కప్ప కాలు చదివినా మామా," అన్నాను.

"మూడేండ్లూ కప్ప కాలేనా?"

నాకు రోషం వచ్చింది. మా ప్రయోగశాల గురించి మొత్తం చెప్పాను. కప్ప పిక్క కండరాన్ని దాని నరంతో సహా విడిగా తీస్తాం. కండ కొసకు ఒక సన్నపుల్ల తగిలిస్తే, కండ ముడుచుకున్నప్పుడల్లా ఆ పుల్ల మసిపూసిన కాగితం చుట్టి తిరిగే డోలు మీద గీత గీస్తుంది. ఉప్పును నీళ్ళలో వేస్తే అది కరెంటు నింపుకున్న చిన్నచిన్న తునకలుగా విడిపోతుంది, వాటినే అయాన్లంటారు. నరంలో కబురు పారేదీ కండ కదిలేదీ వాటి చలవే. వట్టి ఉప్పునీళ్ళలోనే ఉంచితే ఆ కండ ముందు తనంతట తనే వణుకుతుంది. కాసేపటికి నరానికి ఎంత కరెంటు తగిలించినా కదలదు. డోలు మీద గీత చాపలా పడుకుంటుంది. అదే కరెంటు నేరుగా కండకు తగిలిస్తే ఎగిరిపడుతుంది. అంటే కండ చావలేదు, నరమూ చావలేదు, ఒకదాని మాట ఒకదానికి చేరడం లేదు. అప్పుడు ఆ నీళ్ళలో కాల్షియం ఉప్పు నాలుగు చుక్కలు వేశామా, నరం చెప్పిన మాట కండ మళ్ళీ వింటుంది.

మామ జున్ను గిన్నె వేలితో తుడిచి నాకాడు. "నాలుగు చుక్కలేస్తే వింటదా? ఆ చుక్కలేవో నువ్వు చిన్నప్పుడు మీ పెద్దమ్మకు దొరికుంటే ఎంత బాగుండేదో," అన్నాడు. అరుగు మీదున్న వాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను, లోపల మాత్రం వీళ్ళకేం తెలుసులే అనుకున్నాను.

మూడో నాడు పొద్దున పెద్దమ్మ చెంబు పట్టుకొని కొట్టంలోకి పోయి, వట్టి చెంబుతో తిరిగొచ్చింది. గేదె మేత ముట్టలేదంది. నేను పోయి చూశాను. ఈగలు వాలినట్టు తొడల మీద చర్మం అదురుతోంది, ఈగలు మాత్రం లేవు. చెవులు టపటప కొట్టుకుంటోంది. పళ్ళు కొరుకుతోంది. రెండడుగులు వేస్తే వెనక కాళ్ళు తడబడ్డాయి.

నేను గొంతు సవరించుకొని, "చలి పట్టినట్టుంది, గోనెపట్ట కప్పండి," అన్నాను. మార్కాపురంలో చలి! ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

అంబలి పొద్దుకు, అంటే కాస్త ఎండెక్కేసరికి, గేదె కూలబడింది. పడ్డది పడ్డట్టే ఉండిపోయింది. మెడ ఒక పక్కకు వంచి తల డొక్కకు ఆనించుకుంది. చెవి పట్టుకుంటే చల్లగా ఉంది. ఎప్పుడూ చెమర్చి ఉండే మోర ఎండిపోయింది. కళ్ళు మమ్మల్ని చూస్తున్నట్టు లేవు. దూడ వచ్చి నాకినా తల ఎత్తలేదు. అప్పుడు నాకు భయం వేసింది. నాయన ఎద్దుల బేరానికి దర్శి పోయి ఉన్నాడు. ఇంట్లో మగవాణ్ణి నేనే, చదువుకున్నవాణ్ణీ నేనే.

మామ వచ్చి ఒక్క చూపు చూశాడు. "దిష్టి అక్కా. ఊరంతా తినిరి, ఎవరి కన్ను ఎట్లాంటిదో. నడుం మీద రెండు వాతలు పెడితే దానంతట అదే లేచి నిలబడుద్ది. ముందు ఇంత వామునీళ్ళు గొట్టంతో పోద్దాం పట్టండి," అన్నాడు.

"అది తాగనంటాంది. తాగనంటే బలవంతంగా ఎందుకు పొయ్యాల? పొలమారితే?" అంది పెద్దమ్మ. తర్వాత నా వైపు తిరిగింది. ఆ చూపు నేను మరిచిపోలేదు. "నువ్వు చదువుకున్నోడివి గదా నాయనా. ఏందిరా దీనికి?"

"పెద్దమ్మా, నేను చదివింది కప్పల్ని. బర్రెల్ని కాదు."

"అట్లయితే బర్రెల్ని చదివినోన్ని పిల్చుకొని రాపో," అంది. మామతో, "వాడు వచ్చేదాకా దీని ఒంటి మీద కాలిన ఇనుము పడిందంటే, ముందు నా వీపు మీద పడాల," అంది.

సైకిలెక్కాను. పలకల గనుల నుంచి వచ్చే బండ్లు దారి పొడుగునా అడ్డం. బండివాళ్ళను నేను ఆ రోజు తిట్టిన తిట్లకు మద్రాసు విశ్వవిద్యాలయం నా పట్టా వెనక్కి తీసుకోవచ్చు. అదృష్టం కొద్దీ పశువుల డాక్టరు ఆసుపత్రిలోనే ఉన్నాడు. గుంటూరు వైపు మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద ఉంటాడు, నెమ్మదస్తుడు. నేను రొప్పుతూ చెప్పిందంతా విని రెండే ప్రశ్నలు అడిగాడు.

"ఈని ఎన్నాళ్ళయింది?"

"ఇది మూడో రోజండి."

"జున్ను ఎంతమందికి పంచారు?"

ఈయనకూ జున్ను మీదే ధ్యాస అనుకొని ఒళ్ళు మండింది. "ఊరందరికీ," అన్నాను.

ఆయన లేచి తోలుపెట్టె సర్దుకున్నాడు. రెండు పెద్ద సీసాలు, ఒక రబ్బరు గొట్టం. బయటికొచ్చి తన సైకిలు తీస్తూ, "మీ సైకిలుకు గాలి పంపు ఉందా?" అన్నాడు.

"రెండు చక్రాల్లోనూ గాలి బాగానే ఉందండి."

"నేను అడిగింది గేదెకు," అన్నాడు. సైకిలెక్కి ముందు సాగాడు. నాలుగు మైళ్ళూ నేను ఆ మాట గురించే ఆలోచిస్తూ తొక్కాను. ఇంతకంటే మామ వాతలే నయమేమో అనిపించింది.

మేము పోయేసరికి కొట్టం ముందు జాతర. మామ కుంపట్లో కడ్డీ ఎర్రగా కాలి సిద్ధంగా ఉంది. పెద్దమ్మ గేదె తల ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. గేదె పక్కకు ఒరిగిపోకుండా రెండు వైపులా గోనెసంచుల నిండా చొప్ప కుక్కి ఊతం పెట్టింది. డాక్టరు అది చూసి ఆగాడు.

"ఈ సంచులు ఎవరు పెట్టారు?"

"నేనే నాయనా. పక్కకు ఒరిగితే దానికి ఊపిరాడదేమో అనిపించింది."

"నోట్లో ఏమన్నా పోశారా?"

"పొయ్యలే. మింగేటట్టు అనిపీలే."

"మింగదమ్మా. గొంతు కూడా పడిపోయి ఉంటుంది. పోసుంటే ఊపిరితిత్తుల్లోకి పోయి ఈపాటికి చచ్చిపోయి ఉండేది," అన్నాడు. మామ కుంపటి దగ్గర నుంచి మెల్లగా ఒక అడుగు వెనక్కి వేశాడు.

డాక్టరు సీసాను వేడినీళ్ళ కుండలో పెట్టి గోరువెచ్చగా చేశాడు. గేదె మెడలో రక్తనాళం చూసి సూది గుచ్చాడు. గొట్టం తగిలించి సీసా నా చేతికిచ్చి పైకెత్తి పట్టుకోమన్నాడు. తను గేదె ఎడమ జబ్బ వెనక చెవి ఆనించి గుండె వింటూ కూర్చున్నాడు. "కిందికి... ఇంకా కిందికి. ఇది తొందరగా పోతే గుండె ఆగిపోతుంది. మీ చెయ్యే దీని గుండెకు గడియారం," అన్నాడు. నా చెయ్యి పీకుతోంది. సీసాలో బుడగలు ఒక్కొక్కటే లేస్తున్నాయి. పెద్దమ్మ సీసా వైపు చూడలేదు, గేదె వైపూ చూడలేదు, నా మొహం వంకే చూస్తూ కూర్చుంది. పోతే అది పోతుంది, దానితో ఈమె సగం పోతుంది, ఇదంతా నేను ఇంగ్లీషు ప్యాసైన పుణ్యం అనుకున్నాను. నా జన్మలో అంత పొడుగు పావుగంట మళ్ళీ రాలేదు.

మొదట తొడ మీద చర్మం అదిరింది. తర్వాత జబ్బ. ఆ వణుకు చూసి నేను హడలిపోతే డాక్టరు, "మంచిదే, మంచిదే," అన్నాడు. గేదె ఒక పెద్ద త్రేన్పు త్రేన్చింది. ఎండిన మోర మీద గసగసాలంత చెమట చుక్కలు లేచాయి. పెద్దమ్మ ఆ చుక్కల్ని వేలితో తాకి చూసుకుంది. సీసా అయిపోయాక కొంతసేపటికి గేదె తల తిప్పి దూడ కోసం చూసింది. మొదట వెనక కాళ్ళు, తర్వాత ముందు కాళ్ళు, ఒకసారి తూలి, ఇంకోసారి తూలి, లేచి నిలబడింది. నిలబడి మామ నిలుచున్న వైపే దబదబ పేడ వేసింది. పేడ చూసి అంత మంది అంత సంతోషంగా అరవడం నేను మళ్ళీ చూడలేదు. పెద్దమ్మ డాక్టరు కాళ్ళ మీద పడబోతే ఆయన ఎగిరి మంచమెక్కాడు.

మజ్జిగ తాగుతూ డాక్టరు సంగతి చెప్పాడు. దీన్ని పాలజ్వరం అంటారట. "జ్వరమంటే ఒళ్ళు కాలాల గదా, ఇది చల్లంగా ఉండె?" అంది పెద్దమ్మ. పేరుకే జ్వరం అన్నాడాయన. తాంబూలంలో వేసుకునే సున్నంలో ఒక ధాతువు ఉంది. గేదె కొత్తగా ఈనినప్పుడు అది రక్తంలో నుంచి పాలలోకి ధారగా పోతుంది. పిండిన కొద్దీ పొదుగు ఇంకా చేస్తుంది, ఇంకా లాగుతుంది. ఎముకల నిండా కావలసినంత ఉన్నా, అక్కడ నుంచి కరిగి రక్తంలోకి రావడానికి కొన్నాళ్ళు పడుతుంది. ఈలోపల మీరు చివరి చుక్క దాకా పిండి ఊరందరికీ జున్ను పెట్టారు. సీసాలో నుంచి ఎక్కించింది ఆ ధాతువే. వెనకటి రోజుల్లో ఈ మందు లేనప్పుడు పంపుతో పొదుగు నిండా గాలి కొట్టి చన్నులు కట్టేసేవారు. పొదుగు బిగిస్తే పాలు దిగవు, పాలు దిగకపోతే రక్తంలోది రక్తంలోనే ఉంటుంది. సీసాలు చాలకపోతే అదే చేద్దామని పంపు అడిగాడట.

"రక్తంలో సున్నం తక్కువైతే కాళ్ళెందుకు పడిపోవాల?" పెద్దమ్మ వదలలేదు.

"తంతి కబురు ఎట్లా వస్తుందమ్మా? తీగ మీద స్టేషను దాకా వస్తుంది. అక్కడ నుంచి ఇంటికి తెచ్చే బంట్రోతు ఉండాలి కదా. నరం మీద కబురు కండ దాకా వచ్చి ఆగిపోయింది. దాటించే బంట్రోతు ఈ ధాతువే. అది తగ్గగానే ముందు తీగ తనంతట తనే అదురుతుంది, అందుకే పొద్దున వణికింది. ఇంకా తగ్గితే కబురే దాటదు. కండ బాగుంది, నరం బాగుంది, మధ్యలో..."

ఆయన ఇంకా ఏదో చెబుతున్నాడు. నాకు వినబడలేదు. మజ్జిగ గ్లాసు కింద పెట్టి ఇంట్లోకి పోయాను. ట్రంకు పెట్టెలో నా రికార్డు పుస్తకం ఉంది. పెద్దమ్మ దానికి నాలుగు మూలలా పసుపు రాసి పెట్టింది. కప్ప కాలు పేజీ దాకా తిప్పాను. అక్కడే ఉంది. డోలు మీద నుంచి దించుకున్న గీతలు, నేను నల్లసిరాతో శ్రద్ధగా గీసినవి. చివరి గీత పక్కన 'కాల్షియం, నాలుగు చుక్కలు' అని కూడా రాసుకున్నాను. కింద మా లెక్చరరు ఎర్రసిరాతో 'చాలా బాగుంది' అని రాసి సంతకం చేశాడు.

దాచిపెట్టి ఊరుకోవచ్చు. కానీ సిగ్గు కంటే ఆశ్చర్యం పెద్దదైంది. పుస్తకం తెచ్చి డాక్టరు ముందు పెట్టాను. ఆయన చూసి, నన్ను చూసి, నవ్వు ఆపుకోవడానికి మజ్జిగ గ్లాసు అడ్డం పెట్టుకున్నాడు.

పెద్దమ్మకు చదువు రాదు. అయినా పుస్తకం లాక్కొని చూసింది. "ఈ గీతలేందిరా?"

చెప్పక తప్పలేదు. "ఇక్కడ కండ ఎగిరింది పెద్దమ్మా. ఇక్కడ నీళ్ళలో ఆ ధాతువు లేదు, అందుకని పడిపోయింది. ఇక్కడ నాలుగు చుక్కలు వేసినాం, మళ్ళ లేచింది."

ఆమె వేలు ఆ గీతల మీద నడిచింది. పైన, కింద, మళ్ళీ పైన. కొట్టంలో నిలబడి ఉన్న గేదె వైపు చూసింది. మళ్ళీ పుస్తకం వైపు చూసింది.

"ఇది మన బర్రె గదరా," అంది.

పుస్తకం వెనక్కి తీసుకోబోతే ఆమె ఇవ్వలేదు.

"పెట్టెలోనే ఉందే! ఇది పెట్టెలో పెట్టుకొని నువ్వు గోనెపట్ట కప్పమన్నావా?"

మామ అంతవరకు మూల నిలబడి కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఆయనకు నిన్నటి అరుగు గుర్తొచ్చింది. "నిజమే అక్కా! నిన్న సాయంత్రం నాకు పొల్లుపోకుండా ఇదే చెప్పినాడు. నాలుగు చుక్కలని కూడా చెప్పినాడు," అన్నాడు. ఇక నవ్వని వాడు లేడు. పెద్దమ్మ నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది, చాలాసేపు తియ్యలేదు. నేను పోయి ఆమె పక్కన కూర్చున్నాను. నా తల మీద ఒక మొట్టికాయ వేసి, ఆ చెయ్యి అక్కడే ఉంచింది.

ఊళ్ళో కథ మాత్రం వేరేగా నిలబడింది. మార్కాపురం డాక్టరు సైకిలు పంపుతో గాలి కొట్టి చచ్చిన బర్రెను లేపాడని చుట్టుపక్కల పల్లెలన్నీ చెప్పుకున్నాయి. పంపు నా సైకిలుకు తగిలించినది తగిలించినట్టే ఉందని నేనెంత చెప్పినా ఎవరూ వినలేదు. మామ మర్నాడు తన తాంబూలపు డబ్బీలోని సున్నం కుడితిలో కలపబోయి పెద్దమ్మ చేతి చీపురు దెబ్బ తిన్నాడు.

ఆ తర్వాత నాకు గిద్దలూరు బోర్డు హైస్కూల్లో సైన్సు మాస్టరుగా ఉద్యోగం వచ్చింది. ఆ పై సంవత్సరం గేదె మళ్ళీ ఈనే రోజులు దగ్గరపడుతుంటే నాకు క్లాసులో మనసు నిలిచేది కాదు. ఒక మధ్యాహ్నం మామ రైలు దిగి స్కూలుకు వచ్చాడు. చేతిలో గుడ్డ కట్టిన గిన్నె ఉంది.

"ఈనిందా మామా? పడలేదు గదా?" నోట్లో నుంచి మొదట వచ్చిన మాట అదే.

"ఎందుకు పడుద్ది! మీ పెద్దమ్మ సగం పొదుగు వదిలిపెట్టి పిండుతాంది. ఊరంతా జున్ను లేదా జున్ను లేదా అని గోల. మా ఇంటికే ఒక గరిటె ఇచ్చింది అల్లుడా, ఒకే గరిటె! అదేందక్కా అంటే, కప్పకు బర్రెకు ఒకటే నరం, పోయి మా వాణ్ణి అడుగు అంటాది."

గుడ్డ విప్పాను. చిన్న గిన్నె, అదీ నిండా లేదు. ఊరందరికీ పెట్టే చెయ్యి కొలిచి పెట్టిన జున్ను. "ఇంకేమన్నా చెప్పిందా?" అన్నాను.

"చెప్పింది. బర్రె నిలబడి నెమరేస్తా ఉంది, వాణ్ణి నిదానంగా తినమను, అంది."

స్కూలు మెట్ల మీద కూర్చొని తిన్నాను. మామ నా పక్కనే కూర్చొని గిన్నెలోకి తొంగి చూస్తూనే ఉన్నాడు. నేను ఆయనకు ఒక్క వేలెడు కూడా పెట్టలేదు.